గడి కనబడాలంటే 4కే మానిటర్ కావాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గట్టుప్పల్. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కత్ చీరలకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీశాను. మా అమ్మాయి నేర్పితే రెండేళ్లుగా కంప్యూటర్‌లోనే గీస్తున్నాను. నా డిజైన్ మామూలుగా అడ్డం 240 గళ్లు, నిలువు 400 గళ్లు ఉంటుంది. ఇప్పుడున్నది పద్దెనిమిదిన్నర అంగుళాల పాత మానిటర్. డిజైన్ మొత్తం ఒకేసారి చూద్దామంటే గళ్లు కలిసిపోతాయి. గళ్లు విడివిడిగా కనబడేలా పెద్దది చేస్తే డిజైన్ కనబడదు. సాయంత్రానికి తలనొప్పి. దుకాణంలో అడిగితే 4కే తీసుకోమంటున్నారు. మా బావమరిదేమో 32 అంగుళాల టీవీ పెట్టుకుంటే చాలు, డబ్బు మిగులుతుంది అంటున్నాడు. కంప్యూటర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, వెనక ఒక నీలం పోర్టు, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి. నా వయసు 46. చేతిలో పదిహేను వేలున్నాయి. ఏ రిజల్యూషన్ కొనమంటారు?

సమాధానం: టీవీ మాత్రం వద్దు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. 32 అంగుళాల టీవీల్లో చవకగా దొరికేవి చాలావరకు ‘హెచ్‌డీ రెడీ’ రకం. వాటిలో అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉంటాయి. ఇప్పుడు మీ కంప్యూటర్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్ అన్నారు కాబట్టి దాదాపు ఖాయంగా అక్కడా అవే అంకెలు కనబడతాయి. అంటే ఆ టీవీ కొంటే మీకు కొత్తగా ఒక్క చుక్క కూడా రాదు. ఉన్నవాటినే సాగదీసి ఇస్తారు. మీ మానిటర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 0.30 మిల్లీమీటర్లు, ఆ టీవీలో 0.52. ఎదురుగా మూరెడు దూరంలో కూర్చుంటే చుక్కచుక్కా లెక్కపెట్టుకోవచ్చు. బావమరిదితో మాత్రం వాదన పెట్టుకోకండి. క్రికెట్ చూడటానికి ఆయన సలహా మంచిదే.

పిక్సెల్ అంటే ఏమిటో నేను రోజూ ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. మీకు చెప్పనక్కరలేదు. తెర అంటే రంగు నింపిన గ్రాఫు కాగితం, పిక్సెల్ అంటే అందులో ఒక గడి. ఈ మాట ఇంగ్లిషులో అచ్చుకెక్కింది 1965లో. తేలియా రుమాళ్లనే ఇక్కత్ గుడ్డలు నేసినవాళ్లు అంతకు చాలా ముందునుంచే బొమ్మను గళ్లుగా విడగొట్టి, ఏ దారం ఎక్కడ కట్టాలో, ఎక్కడ రంగు తాగాలో లెక్క వేస్తున్నారు. కాబట్టి ఈ విషయంలో దుకాణంలో కుర్రవాడికంటే మీకే ఎక్కువ తెలుసు. ఆ లెక్కనే తెరకు పెడదాం.

రిజల్యూషన్ అంటే కాగితంలో మొత్తం ఎన్ని గళ్లున్నాయన్నది. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 అడ్డం, 1080 నిలువు. అందరూ 2కే అని పిలిచే క్వాడ్ హెచ్‌డీ అంటే 2560, 1440. 4కే అంటే 3840, 2160. కానీ కాగితం ఎంత పెద్దదో తెలియకుండా గళ్ల సంఖ్య ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట పెద్దదైతే బాగుంటుందని 27 అంగుళాల మానిటర్ కొన్నాను. ఫుల్ హెచ్‌డీ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది, ‘ఫుల్’ అన్నాక ఇంకేం కావాలనుకున్నాను. ఇంటికి తెచ్చి తగిలించి ‘లక్ష్మి’ అని టైపు చేశాను. క్ష కింద వేలాడే మ వత్తు మెట్లు మెట్లుగా, ఇటుకలు పేర్చినట్టు కనబడింది. 24 అంగుళాల తెరలో 0.28 మిల్లీమీటర్లుండే పిక్సెల్ 27 అంగుళాలకు సాగితే 0.31 అవుతుంది. అంటే నా కొత్త మానిటర్ పిక్సెల్ మీ పాత మానిటర్ పిక్సెల్‌కంటే లావు! దుకాణంవాడు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడది మా అమ్మ భజనలు చూసే తెర.

మీ డిజైన్‌కు వద్దాం. 240 అడ్డం, 400 నిలువు. గడి గడిగా కనబడాలంటే ఒక్కో గడికి కనీసం మూడు పిక్సెళ్లు కావాలి, ఒకటి గీతకు, రెండు రంగుకు. రెండే ఇస్తే సగం గీతే తినేస్తుంది, రంగు మసకబారుతుంది. ఒకటే ఇస్తే గీతకు చోటే లేదు. మీ పాత తెర ఎత్తు 768. అందులో పైన మెనూలకు, కింద పట్టీకి 170 దాకా పోతే మిగిలేది 600. నాలుగు వందల గళ్లకు పంచితే గడికి ఒకటే పిక్సెల్. ‘గళ్లు కలిసిపోతాయి’ అని మీరు రాసింది ఇదే. అవి కలిసిపోవడం కాదు, అక్కడ గీత గీయడానికి జాగా లేదు.

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పెట్టారనుకోండి. 1080లో 900 మిగులుతుంది, గడికి రెండు. ఇంకా చాలదు. 27 అంగుళాల క్వాడ్ హెచ్‌డీ అయితే 1260 మిగులుతుంది, గడికి మూడు. ఇక్కడ మొదటిసారి గడి గడిగా కనబడుతుంది. అయితే ఆ తెరలో పిక్సెల్ 0.23 మిల్లీమీటర్లే కాబట్టి గడి మొత్తం 0.7 మిల్లీమీటర్లు. దుకాణంవాళ్లు చెప్పిన 4కే, అదే 27 అంగుళాల్లో? గడికి నాలుగు పిక్సెళ్లు వస్తాయి. సంబరపడకండి. అందులో పిక్సెల్ 0.16 మిల్లీమీటర్లే, నాలుగూ కలిపితే 0.62. డబ్బు ఎక్కువ పెట్టి కొంటే గడి ఇంకా చిన్నదైంది!

నాలుగు పిక్సెళ్లు వచ్చాయిగా, నాణ్యంగా ఉంటుందిగా అని దుకాణంలో అంటారు. ఉంటుంది. అక్షరాలు అచ్చులో ఉన్నట్టు నున్నగా ఉంటాయి, ఫొటోలు బాగుంటాయి. కానీ మంచి చూపున్న కన్ను అరవై సెంటీమీటర్ల దూరం నుంచి విడదీసి చూడగలిగేది సుమారు 0.17 మిల్లీమీటర్లు. 4కే పిక్సెల్ అంతకంటే సన్నం. ఒక పిక్సెల్ మందం గీత గీస్తే అది తెరమీద ఉంటుంది గానీ మీ కంటికి పలచబడి చేరుతుంది. 46 ఏళ్ల కంటికి ఇంకా పలచగా. కంటి సంగతి చివర మాట్లాడతాను.

అయితే ఏం చేయాలి? మానిటర్‌ను నిలబెట్టండి.

ఎగతాళి కాదు. మీ డిజైన్ నిలువుది, తెర అడ్డంది. సినిమా కోసం చేసిన అడ్డం తెరలో నిలువు డిజైన్ పెడితే రెండు పక్కలా చోటు వృథాగా పడి ఉంటుంది, ఎత్తులో మాత్రం ఇరుకు. పైన లెక్కలన్నీ దెబ్బతిన్నది ఆ ఎత్తు దగ్గరే. గ్రాఫు కాగితాన్ని ఇరవై ఏళ్లు మీరు ఎలా పెట్టుకున్నారో తెరనూ అలాగే తిప్పుకోండి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీని తొంభై డిగ్రీలు తిప్పితే అడ్డం 1080, నిలువు 1920 అవుతుంది. గడికి నాలుగు పిక్సెళ్లు ఇస్తే 240 గళ్లకు 960 పోతుంది, పనిముట్ల పట్టీకి పక్కన 120 మిగులుతుంది. నిలువులో 400 గళ్లకు 1600, ఇంకా మెనూలకు పోను చోటు ఉంటుంది. డిజైన్ మొత్తం, అంచు నుంచి అంచుదాకా, గీతలతో సహా ఒకేసారి కనబడుతుంది. గడి వెడల్పు ఎంతో తెలుసా, 1.1 మిల్లీమీటర్లు. అడ్డంగా పెట్టిన 27 అంగుళాల 4కేలో వచ్చిన గడికి దాదాపు రెట్టింపు.

న్యాయంగా చెప్పాలంటే పెద్దవాటినీ తిప్పవచ్చు. 27 అంగుళాల క్వాడ్ హెచ్‌డీని నిలబెడితే గడికి ఐదు పిక్సెళ్లు, 1.17 మిల్లీమీటర్లు. 4కేని నిలబెడితే ఎనిమిది, 1.25 మిల్లీమీటర్లు. ఆ పిసరంత తేడా కోసం డబ్బు పెట్టమని నేను చెప్పలేను. మీ కంప్యూటర్ కూడా అడ్డం పడవచ్చు. చాలా పాతవాటిలో హెచ్‌డీఎంఐ ఉన్నా 1920, 1200 దాటి పంపలేదు. కాస్త కొత్తవాటిలో 4కే వచ్చినా సెకనుకు 30 సార్లే తెర మారుతుంది, మౌస్ బాణం వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుంది. ఫుల్ హెచ్‌డీకి ఆ గొడవ లేదు.

కాబట్టి నా మాట: 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ తెర (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), నిలువుగా తిరిగే స్టాండు. ఈ నాలుగింటిలో దుకాణంలో మిమ్మల్ని తప్పించడానికి చూసేది నాలుగోదాన్నే. ‘తిరిగే స్టాండు’ అంటే ముందుకు వెనక్కి వాలేది చూపిస్తారు. అది కాదు. తెర గోడగడియారం ముల్లులా పక్కకు తిరగాలి. ఎదురుగా నిలబడి తిప్పి చూపించమనండి. దొరకకపోతే మానిటర్ వెనక నాలుగు మరరంధ్రాలు చదరంగా ఉన్నాయా చూడండి, ఒకదానికొకటి పది సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి, కొన్నింటిలో ఏడున్నర. అవి ఉంటే గోడకో బల్లకో బిగించే చెయ్యి విడిగా కొని తగిలించుకోవచ్చు. తెర రెండు సెంటీమీటర్లు తగ్గినా ఫరవాలేదు గాని ఆ రంధ్రాలు లేనిది మాత్రం కొనకండి.

ఐపీఎస్ ఎందుకంటే, చవక రకం టీఎన్ తెరలను కింద నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. అడ్డంగా ఉన్నప్పుడు కింద నుంచి ఎవరూ చూడరు. నిలబెట్టగానే ఆ ‘కింద’ కాస్తా మీ ఎడమ కంటికో కుడి కంటికో ఎదురవుతుంది. ఒక కంటికి మెరూన్, ఇంకో కంటికి గోధుమ. తలనొప్పికి అంతకంటే ఏం కావాలి?

నమ్మకం కుదరకపోతే పైసా ఖర్చు లేకుండా ఈ రాత్రే చూసుకోండి. పాత మానిటర్ స్టాండు తీసేసి, కింద గుడ్డ వేసి గోడకు నిలువుగా ఆనించండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో దిశ అని ఉన్నచోట నిలువు ఎంచుకోండి. తెర కాస్త రంగు మారినట్టు కనబడవచ్చు, పట్టించుకోకండి. గడికి ఒకటి ఉన్నచోట రెండు పిక్సెళ్లు వస్తాయి. డిజైన్‌ను కిందినుంచి పైదాకా చూడటం అలవాటవుతుందో లేదో తెలిసిపోతుంది. మెడ ఎత్తాల్సి వస్తుంటే తెర కిందికి దించాలి, పై అంచు మీ కంటికి సమానంగా ఉండాలి. నిలువు తెరతో అందరూ చేసే తప్పు ఇదే, బల్ల మీద ఎత్తుగా నిలబెట్టి రోజంతా కొబ్బరిచెట్టును చూసినట్టు చూస్తారు.

ఇప్పుడు వాడకం గురించి ఒక్క మాట, ఇది డబ్బుతో కొనలేనిది. జూమ్‌ను ఎప్పుడూ పూర్తి వందల్లోనే పెట్టండి. ఫైలులో గడికి ఒక పిక్సెల్ లెక్కన గీస్తుంటే, 400 శాతం అంటే తెర మీద గడికి సరిగ్గా నాలుగు. అదే ‘తెరకు సరిపోయేట్టు’ అన్న మీట నొక్కితే ఏ 375 శాతానికో పోతుంది. అప్పుడు మూడు గళ్లు నాలుగేసి పిక్సెళ్లు తీసుకుంటే నాలుగో గడికి మూడే దక్కుతాయి. ఆ పొట్టి గడి ప్రతి నాలుగింటికీ ఒకసారి వస్తూ డిజైన్ అంతటా చారలు వేస్తుంది. మీరు గీయని చారలు. కట్లు కట్టేవాళ్లకు దాన్ని ఫొటో తీసి పంపితే అవి నిజమనుకుని అడిగినా అడుగుతారు. రిజల్యూషన్ కూడా ‘సిఫారసు చేసినది’ అని పక్కన రాసి ఉన్న అంకె మీదే ఉంచండి, అక్షరాల సైజు వంద శాతం మీద. అక్షరాలు పెద్దగా కావాలని రిజల్యూషన్ తగ్గిస్తారు చాలామంది. అలా చేస్తే మూడు చుక్కల పని రెండు చుక్కలతో చేయించినట్టు అన్నీ అలుక్కుపోతాయి.

తీగ హెచ్‌డీఎంఐదే పెట్టండి. ఆ నీలం పోర్టు వీజీఏ, బొమ్మను అంకెలుగా కాక విద్యుత్ తరంగంగా పంపుతుంది, తీగ నాసిరకమైతే సన్నగీతల పక్కన నీడ పడుతుంది. మీ పనంతా సన్నగీతలే. ఇక పెట్టె మీద 100 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ అని మెరిసే అంకెలు, అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందన్నది, ఆటలాడే పిల్లలకు, మీకు 60 చాలు. తెర మెరిసేది కాకుండా గరుకుది తీసుకోండి. నేతింట్లో తలుపు తెరిచే ఉంటుంది కదా, వెలుతురంతా అందులోనే కనబడుతుంది.

రంగు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు పెట్టుకున్న రంగుల కొలమానం) 99 శాతం అని రాసి ఉన్న తెర మంచిదే, కానీ ఎంత మంచి తెరైనా వెలుగుతో రంగు చూపిస్తుంది, పట్టుదారం వెలుగును వెనక్కి కొట్టి చూపిస్తుంది. రెండూ ఒకటి కావు. తెరమీద రంగు చూసి అద్దకం వాళ్లకు ‘ఇదే కావాలి’ అనకండి. అద్దిన దారాల ముక్కలు అట్టకు అంటించి నంబర్లు వేసుకుని, డిజైన్‌లో ఆ నంబరు రాయండి. మీలో చాలామంది ఎలాగూ ఇదే చేస్తుంటారు, కంప్యూటర్ వచ్చిందని మానకండి.

కొనడానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీ డిజైన్ ఒకటి పట్టుకెళ్లండి, అన్నిటికంటే చిక్కు గళ్లున్నది. మీకు దగ్గరున్న చండూరులో రకాలు దొరక్కపోతే నల్లగొండ వెళ్లాల్సిందే. వీలైతే సీపీయూ డబ్బాను కూడా ఆటోలో వేసుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. దుకాణంవాడు పెట్టే సముద్రం వీడియోలో ఏ తెరైనా బాగుంటుంది. మీ డిజైన్ 400 శాతంలో పెట్టి, చెయ్యి చాచినంత దూరంలో కూర్చుని చూడండి. తెర మొత్తం ఒకసారి తెలుపు, ఒకసారి నలుపు, ఆపైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టించి చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమో వెతకండి. చాలా కంపెనీలు ఒకటి రెండు చుక్కలు పోతే వారంటీ కింద మార్చవు. గళ్ల లెక్కతో పనిచేసే మనిషికి ఒక్క చుక్క కూడా రోజూ కంట్లో నలుసే.

ఈ మానిటర్ మీ పదిహేను వేలలోనే వస్తుంది, కొంత మిగులుతుంది కూడా. మిగిలినదానితో కళ్లజోడు చేయించుకోండి. సాయంత్రపు తలనొప్పి అంతా తెర తప్పే అనుకోకండి. నలభై దాటాక వచ్చే చత్వారం ఒకటుంది. కాగితం మీద గీసేటప్పుడు ఈ వయసువాళ్లు తెలియకుండానే చెయ్యి చాపి దూరంగా పెట్టుకుని సర్దుకుంటారు. తెరను అలా జరపలేరు కాబట్టి కన్నే రోజంతా కష్టపడుతుంది. కంటి డాక్టర్‌కు ఒక్క వివరం తప్పకుండా చెప్పండి, ‘నేను చూసే తెర అరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది’ అని. చెప్పకపోతే పేపరు చదివే దూరానికి అద్దాలు రాస్తారు. అది సుమారు నలభై సెంటీమీటర్లు. ఆ జోడుతో తెర చూడాలంటే ముందుకు వంగాలి, అప్పుడు తలనొప్పికి తోడు నడుము నొప్పి. టేపు పట్టుకుని కంటినుంచి తెరదాకా కొలిచి ఆ అంకె చీటీ మీద రాసుకుని వెళ్లండి.

పాత మానిటర్‌ను ఎవరికీ ఇచ్చేయకండి. కొత్తది హెచ్‌డీఎంఐకి పోతే నీలం పోర్టు ఖాళీగా ఉంటుంది. చాలా కంప్యూటర్లు రెంటికీ ఒకేసారి బొమ్మ పంపుతాయి. కొత్తదాన్ని నిలువుగా ఎదురుగా పెట్టి, పాతదాన్ని అడ్డంగా పక్కన ఉంచి, దానిమీద పాత డిజైన్ ఒకటి తెరిచి పెట్టుకుంటే చూస్తూ గీసుకోవచ్చు. గ్రాఫు కాగితం రోజుల్లో పక్కన పాత కాగితం పెట్టుకున్నట్టే.